ఇంట్లో ఏసీ 76లోనే ఉంది, అయినా బీర్‌కి నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన ఎందుకు వస్తోంది?

గోంగూర_ఏల్ | ప్లానో, టెక్సస్

నమస్తే అందరికీ. ఆరు నెలలుగా ఇక్కడ చదువుతున్నానే తప్ప రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే సర్దుకోండి. ఫిబ్రవరిలో నా పుట్టినరోజుకి మా ఆవిడ ఇంట్లో బీర్ కాచుకునే 5 గ్యాలన్ల కిట్ కొనిచ్చింది. ఆ మొదటి బ్యాచ్ పేల్ ఏల్, గొప్ప చెప్పుకోవడం కాదుగానీ అదిరిపోయింది. ఆఫీసులో వాళ్లకి తీసుకెళ్తే "నిజంగా నువ్వే చేశావా" అని ఒకటికి రెండుసార్లు అడిగారు. ఆ ఊపులో మే, జూన్, జులైలో నెలకొకటి చొప్పున మరో మూడు వేశాను. అదే కిట్, అదే యూఎస్-05 ఈస్ట్, అదే బకెట్, స్టార్‌శాన్‌తో (క్రిములు చంపే ద్రావణం) కడగడంలో కూడా ఏ లోటూ చేయలేదు. మూడూ పోయాయి.

మేలో చేసింది కాస్త అరటిపండు వాసన, అయినా తాగేశాం. జూన్‌ది గొంతులో దిగుతుంటే చవక విస్కీలాగా మంట. మొన్నటిదైతే మూత తీయగానే హాల్లోంచి మా ఆవిడ "నా రిమూవర్ సీసా ఒలకబోశావా?" అని అరిచింది. నలభై ఎనిమిది సీసాలు సింక్‌లో పోశాను, ఆ బాధ మీకు తెలుసు.

వివరాలు: పెరట్లో ప్రొపేన్ బర్నర్ మీద మరిగిస్తాను. చల్లార్చడానికి రాగి కాయిల్, దాన్లోకి తోట పైపు నీళ్లు. జులైలో ఆ నీళ్లే గోరువెచ్చగా వస్తున్నాయి, నలభై నిమిషాలు తిప్పినా వోర్ట్ (ఈస్ట్ వేయకముందు మరిగించిన తీపి మాల్ట్ రసం) 88 దగ్గర ఆగిపోయింది, రాత్రి పదకొండున్నర అయింది, ఇక విసుగొచ్చి ఈస్ట్ వేసేసి పడుకున్నాను. బకెట్ మెట్ల కింద అల్మరాలో పెడతాను. ఇంట్లో ఏసీ ఎప్పుడూ 76. ఈస్ట్ ప్యాకెట్ మీద 64 నుంచి 79 వరకు పర్వాలేదనే ఉంది కదా, మరి 76కి ఏమైంది? ఈస్ట్ పాడైందా, కిట్ పాతదా, లేక ఏదైనా ఇన్ఫెక్షనా? (డిగ్రీలన్నీ ఫారెన్‌హీటే.)


తాటిముంజ | ఆస్టిన్, టెక్సస్

76 అనేది మీ గోడ మీద థర్మోస్టాట్ చూపించే లెక్క. బకెట్ లోపల ఎంతుందో చూశారా?

ఈస్ట్ చక్కెర తింటున్నప్పుడు వేడి పుడుతుంది. 5 గ్యాలన్లు, 1.050 గ్రావిటీ (నీళ్లతో పోలిస్తే సాంద్రత, చక్కెర ఎంతుందో చెప్పే లెక్క) వోర్ట్ తీసుకుంటే, పులిసే మొత్తం కాలంలో పుట్టే వేడి ఎటూ పోకుండా లోపలే ఉండిపోతే సుమారు 20 డిగ్రీలు పెరుగుతుంది. అదంతా లోపల ఉండదు, బకెట్ గోడల్లోంచి మెల్లగా బయటికి పోతూ ఉంటుంది, కానీ నురగ పొంగి ఎయిర్‌లాక్ (గ్యాస్‌ని బయటికి పోనిచ్చి గాలిని లోపలికి రానివ్వని నీళ్ల బిరడా) గలగలమంటున్న ఆ రెండో రోజున లోపలి బీర్ గదికన్నా 5 నుంచి 10 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉండడం మామూలే. అందులోనూ మీది మెట్ల కింద మూసిన అల్మరా, గాలి ఆడదు. పైగా మీరు మొదలుపెట్టిందే 88తో. అంటే గది 76 అయినా మీ ఈస్ట్ మొదటి రెండు రోజులూ 85, 88 మధ్య ఉడికింది. ఫిబ్రవరిలో అదే అల్మరా 64, 65 ఉండి ఉంటుంది, నీళ్లు కూడా చల్లగా వచ్చి ఉంటాయి. అందుకే ఆ బ్యాచ్ బాగా కుదిరింది. కిట్‌దీ ఈస్ట్‌దీ తప్పు కాదు.

నేనైతే ఈ రెండూ మార్చుకుంటే చాలంటాను. ఒకటి, ఈస్ట్ వేసే ముందు వోర్ట్ 65 దగ్గరికి రావాల్సిందే. రాకపోతే ఆ రాత్రి వేయకండి. మూత బిగించి, మీ ఫ్రిజ్‌లో పడితే ఫ్రిజ్‌లో, లేదంటే ఐస్ టబ్‌లో పెట్టి పొద్దున్నే వేయండి. బకెట్ శుభ్రంగా ఉంటే ఎనిమిది పది గంటల్లో ఏమీ కాదు, నేను ఎన్నోసార్లు చేశాను. రెండు, మొదటి మూడు రోజులు 64–66 మధ్య పట్టుకోండి. ఆ తర్వాత 70కి ఎక్కినా పెద్ద తేడా పడదు, ఇంకా మంచిదే, ఈస్ట్ మిగిలిన పని త్వరగా ముగిస్తుంది. రుచి చెడగొట్టే సరుకంతా ఈస్ట్ పిల్లల్ని పెడుతూ పెరిగే ఆ మొదటి డెబ్బై రెండు గంటల్లోనే తయారవుతుంది.

ఫ్రిజ్ లేకపోతే బట్టల టబ్ చాలు. పెద్ద ప్లాస్టిక్ టబ్‌లో బకెట్ నిలబెట్టి, బీర్ మట్టానికి కాస్త కింది దాకా నీళ్లు పోసి, బకెట్‌కి పాత టీషర్టు తొడిగి అంచులు నీళ్లలో మునిగేలా వదిలి, ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టండి. వేసవిలో మన ఇళ్లల్లో కుండకి తడిబట్ట చుడతారే, అదే ఇది. దానికి తోడు అర లీటరు నీళ్ల సీసాలు గడ్డకట్టించి టబ్‌లో వేయండి. టబ్ నీళ్లు, బీర్ కలిపి పది గ్యాలన్లనుకుంటే ఒక్కో సీసా కరిగేసరికి సుమారు 2 డిగ్రీలు దిగుతుంది. పొద్దున రెండు, సాయంత్రం రెండు, అలా మార్చుకుంటూ పోవాలి. హ్యూస్టన్‌లాంటి తేమ ఊళ్లో ఫ్యాన్, టీషర్టు పెద్దగా పనిచేయవు, తడి ఆరదు కదా, ఐస్ సీసాల మీదే ఆధారపడాలి. మీ వైపు కాస్త నయం.

ముందు ఓ మూడు డాలర్లు పెట్టి, బకెట్‌కి అతికించే స్టిక్కర్ థర్మామీటర్ కొనండి. అది లేకుండా ఇదంతా గుడ్డెద్దు చేలో పడ్డట్టే.


పులిసిన_పిండి | మినియాపొలిస్

పై ఆయన చెప్పిందంతా కరెక్టే, ఎందుకో కూడా కొంచెం చెప్తాను, నా ఉద్యోగం కూడా ఈ జీవాలతోనే కాబట్టి.

మే నెల అరటిపండు వాసన ఐసోఅమైల్ ఎసిటేట్ అనే ఎస్టర్, అంటే ఈస్ట్ తయారుచేసే ఒక రకం వాసన పదార్థం. జర్మన్ గోధుమ బీర్లలో దాన్ని కావాలనే తెప్పిస్తారు, పేల్ ఏల్‌లో వస్తే తప్పు. నెయిల్ పాలిష్ వాసన ఈథైల్ ఎసిటేట్, అదీ ఎస్టరే, మోతాదు మించితే అలా ఉంటుంది. గొంతు మంట మాత్రం ఫ్యూజెల్ ఆల్కహాల్స్, అంటే మామూలు ఇథనాల్‌కన్నా బరువైన ఆల్కహాల్స్. వేడిలో ఈస్ట్ విపరీతమైన వేగంతో పెరుగుతుంది, ఆ తొందరలో అమైనో ఆమ్లాల్ని వాడుకుంటూ వీటిని బయటికి వదిలేస్తుంది. బాధేంటంటే ఇవి పోవు. పచ్చి యాపిల్ వాసన (ఎసిటాల్డిహైడ్), వెన్న వాసన (డైఎసిటైల్) అయితే ఇంకో వారం ఆగితే ఈస్టే తిరిగి మింగేస్తుంది, సీసాల్లో నిలవ చేస్తే చాలామటుకు సర్దుకుంటాయి. ఫ్యూజెల్స్ మాత్రం ఆరు నెలలు దాచినా మంట మంటే. కాబట్టి పారబోసి మంచి పని చేశారు, బాధపడకండి.

మనవాళ్లకి ఇది కొత్త విషయమేమీ కాదు. దోసెల పిండి మే నెలలో విజయవాడలో నాలుగు గంటల్లో పొంగి గిన్నె దాటేస్తుంది, పొద్దున్నకి పుల్లటి కంపు. ఇక్కడ జనవరిలో రుబ్బితే రెండు రోజులైనా చలనం ఉండదు, ఓవెన్‌లో లైటు వేసి దాంట్లో పెట్టాల్సిందే. పిండైతే ముక్కుతో చూసి ఫ్రిజ్‌లోకి తోసేస్తాం. బీర్‌కి అంతవరకూ ఆగితే అయిపోయినట్టే, ముక్కుకి తెలిసేసరికే జరగాల్సింది జరిగిపోతుంది.

నా కష్టం మీకు తలకిందులు. బేస్‌మెంట్ శీతాకాలంలో 56. అక్కడ పెడితే యూఎస్-05 మూడో రోజుకి నిద్రపోయి 1.020 దగ్గర ఆగిపోయింది, ఎయిర్‌లాక్ ఆడట్లేదు కదా అయిపోయిందనుకుని సీసాల్లో పోశాను. నెల తిరగ్గానే రెండు సీసాలు పేలాయి, గాజుముక్క ఒకటి పైకప్పు షీట్‌లో గుచ్చుకుని ఉంది ఇప్పటికీ, పీకలేదు, జ్ఞాపకంగా ఉంచాను. ఎయిర్‌లాక్‌ని నమ్మకండి. హైడ్రోమీటర్ (గ్రావిటీ కొలిచేది) రీడింగ్ మూడు రోజుల తేడాతో రెండుసార్లు ఒకేలా వస్తేనే పులవడం అయినట్టు. ఇప్పుడు బకెట్‌కి హీటింగ్ బెల్ట్ కట్టి, దాన్ని ఉష్ణోగ్రత చూసి ఆన్, ఆఫ్ చేసే కంట్రోలర్‌కి తగిలించి 65లో ఉంచుతున్నాను, పీడా పోయింది.


వోస్_బాబాయ్ | ఫీనిక్స్, అరిజోనా

ఎందుకండీ ఇంత టెన్షన్. క్వైక్ వాడండి.

నార్వే పడమటి ఊళ్లలో రైతుల ఇళ్లల్లో తరాలుగా దాచుకొస్తున్న ఈస్ట్ అది, చెక్క కడియాలకి పట్టించి ఆరబెట్టి వచ్చే పండక్కి దాచుకునేవాళ్లు. వోస్ రకం 95 నుంచి 104 డిగ్రీల్లో హాయిగా పనిచేస్తుంది, ఆ వేడిలోనూ ఫ్యూజెల్ మంట రాదు, సన్నగా కమలా తొక్క వాసన వస్తుంది. రెండు మూడు రోజుల్లో పులవడం అయిపోతుంది. మా గ్యారేజ్‌లో ఇప్పుడు 108. నేను వోర్ట్‌ని 98కి దించి పొడి ఈస్ట్ వేసి పాత దుప్పటి కప్పి వదిలేస్తాను. అవును, ఫీనిక్స్‌లో దుప్పటి. రాత్రి ఏసీ గాలి తగిలి చల్లబడకూడదని. ఐస్ సీసాలు మార్చే ఓపిక నాకు లేదు.


తాటిముంజ | ఆస్టిన్, టెక్సస్

బాబాయ్ గారూ, క్వైక్ మంచిదే, నేనూ ఆగస్టులో అదే వేస్తాను. కానీ ఆయనకి ఫిబ్రవరి నాటి పేల్ ఏల్ మళ్లీ కావాలి, ఆ రుచి క్వైక్‌తో రాదు. ఇంకోటి, తక్కువ గ్రావిటీ వోర్ట్‌లో క్వైక్ వేస్తే ఈస్ట్ న్యూట్రియంట్ కాస్త వేయాలి, లేకపోతే చివర్లో నీరసపడుతుంది.

గోంగూర_ఏల్ గారూ, ఇది మీకు అలవాటుగా మారుతుందనిపిస్తే అసలు మందు పాత ఫ్రిజ్ ఒకటి, కంట్రోలర్ ఒకటి. ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో 60, 70 డాలర్లకి దొరుకుతాయి, కొనేముందు మీ బకెట్ కొలత టేపుతో తీసుకుని వెళ్లండి, నేను తీసుకోకుండా వెళ్లి ఎయిర్‌లాక్ పట్టని ఫ్రిజ్ మోసుకొచ్చాను. ఇంక్‌బర్డ్ ఐటీసీ-308 లాంటి కంట్రోలర్‌కి రెండు సాకెట్లుంటాయి, ఒకదాంట్లో ఫ్రిజ్, రెండో దాంట్లో చలికాలానికి హీటింగ్ బెల్ట్.

ఎక్కువమంది పొరపాటు చేసేది కంట్రోలర్ ప్రోబ్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) దగ్గర. దాన్ని ఫ్రిజ్ లోపల గాలిలో వేలాడదీస్తారు. గాలి రెండు నిమిషాల్లో చల్లబడుతుంది, కంట్రోలర్ "65 వచ్చేసింది" అని ఫ్రిజ్ ఆపేస్తుంది, గాలి మళ్లీ వేడెక్కుతుంది, మళ్లీ ఆన్. కంప్రెసర్ రోజంతా టక్కుటక్కుమంటూ ఉంటుంది, లోపల బీర్ మాత్రం 72లో కూర్చుని ఉంటుంది. ప్రోబ్‌ని బకెట్ పక్కకి, బీర్ మట్టానికి కింద, సగం ఎత్తులో ఆనించి, దాని మీద అరచేయంత బబుల్ ర్యాప్ నాలుగు మడతలు వేసి, గట్టి టేపుతో అతికించండి. గాలి అస్సలు తగలకూడదు. అప్పుడు అది చూపించేది బీర్ ఉష్ణోగ్రతకి ఒక డిగ్రీ అటూఇటుగా ఉంటుంది. తేడా (ఎంత మారితే మళ్లీ ఆన్ కావాలో) 1 డిగ్రీ పెట్టండి, కంప్రెసర్ డిలే (ఆగాక మళ్లీ మొదలయ్యే ముందు విరామం) 5 నిమిషాలకన్నా తగ్గించకండి. టేపు ఊడి ప్రోబ్ కింద పడిందో, మీరు వారాంతం ఊరెళ్లి వచ్చేసరికి అది నేల ఎంతుందో కొలుస్తూ ఉంటుంది. అనుభవం.


కంగారూ_కల్లు | మెల్‌బోర్న్

వోర్ట్ చల్లారకపోవడం గురించి ఒక మాట. ఇక్కడ నీళ్ల కరువు రోజుల్లో కాయిల్‌లోంచి అన్ని నీళ్లు పారబోయడం చాలామందికి మనసొప్పలేదు. మరిగే వోర్ట్‌ని నేరుగా మందపాటి ఎచ్‌డీపీఈ ప్లాస్టిక్ డబ్బాలో, వేడి తట్టుకునేది, నింపి, గాలి పిండేసి మూత బిగించి వదిలేస్తారు. ఆ వేడికే డబ్బా శుభ్రపడుతుంది. మర్నాడు, ఇంకా తీరిక లేకపోతే వారం తర్వాతైనా, ఫర్మెంటర్‌లోకి (పులియబెట్టే బకెట్) ఒంపి ఈస్ట్ వేస్తారు. నో-చిల్ అంటారు. వేడి ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి చివర్లో వేసే హాప్స్ (బీర్‌కి చేదు, వాసన ఇచ్చే పువ్వులు) కాస్త ఎక్కువ చేదెక్కుతాయి, వాటిని డబ్బాలోనే వేయడమో ఆలస్యంగా వేయడమో చేయాలి. రాత్రి పదకొండున్నరకి విసుగొచ్చి 88లో ఈస్ట్ వేసే బాధ అయితే ఉండదు. మా పక్క 18 సెల్సియస్ అంటాం, మీ 64.

అయినా ఎండాకాలం బీర్ చేయకూడదని పెద్దవాళ్లు ఎప్పుడో తేల్చేశారు లెండి. 1553లో బవేరియాలో ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబర్ 29 దాకా బీర్ కాయడమే నిషేధించారు. అందుకే మార్చిలో గట్టిగా కాచి, చల్లటి నేలమాళిగల్లో దాచుకునేవాళ్లు, మెర్ట్‌సెన్ అంటే మార్చి బీరే. తర్వాత 1870ల్లో లిండే అనే జర్మన్ ఇంజనీర్ మ్యూనిక్‌లో స్పాటెన్ బ్రూవరీకి శీతల యంత్రం పెట్టాకగానీ ఆ ఎండాకాలం బెడద వదల్లేదు. మీకు మార్కెట్‌ప్లేస్ ఫ్రిజ్ ఉంది.


కూకట్‌పల్లి_దాహం | హైదరాబాద్

అన్నలూ, ఇదంతా చదువుతుంటే నోరూరుతోంది. ఇక్కడ అపార్ట్‌మెంట్‌లో ఒక చిన్న బకెట్ వేసుకోవచ్చా? 35 సెల్సియస్‌కి ఆ క్వైక్ సరిపోతుంది కదా.


తాటిముంజ | ఆస్టిన్, టెక్సస్

వద్దు తమ్ముడూ. అక్కడ లైసెన్సు లేకుండా మద్యం తయారు చేస్తే ఎక్సైజ్ చట్టం కింద నేరమే, ఇంటికోసమైనా సరే. ఇక్కడ 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టిన చట్టంతో వచ్చింది ఈ వెసులుబాటు, పెద్దవాళ్లు ఇద్దరున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అమ్మకూడదు. అది కూడా అలబామా, మిసిసిపీ 2013 దాకా ఒప్పుకోలేదు. నువ్వు హాయిగా మైక్రోబ్రూవరీకి వెళ్లి, ఇక్కడ నేర్చుకున్నదంతా అక్కడి బ్రూవర్‌ని అడిగి విసిగించు.


గోంగూర_ఏల్ | ప్లానో, టెక్సస్

నెల తర్వాత వచ్చాను, అప్‌డేట్ ఇవ్వకుండా పోయే బ్యాచ్ కాదు మనది.

ముందు స్టిక్కర్ కొని, మామూలు నీళ్ల బకెట్‌కి అతికించి మెట్ల కింద అల్మరాలో పెట్టి చూశాను. ఈస్ట్ లేదు, ఏమీ లేదు, ఉత్త నీళ్లు, 79! అల్మరా గోడకి అవతల వాటర్ హీటర్ ఉందని అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్లుగా ఆ ఇంట్లో ఉంటున్నాను.

ఫ్రిజ్ ఇంకా లేదు కాబట్టి టబ్ పద్ధతే. రాత్రి 87కి దించి, మూత వేసి, టబ్‌లో రెండు బస్తాల ఐస్ పోసి పడుకున్నాను. పొద్దున ఆరున్నరకి 66. అప్పుడు ఈస్ట్ వేశాను. గెస్ట్ బాత్రూమ్‌లో టబ్, ఫ్యాన్, నా కాలేజీ నాటి టీషర్టు. ఆఫీసుకెళ్లే ముందు రెండు సీసాలు, వచ్చాక రెండు, పడుకునే ముందు ఒకటి. మొదటి రోజు 65, రెండో రోజు నురగ మూతదాకా పొంగినప్పుడు కూడా 68 దాటలేదు. సీసాలు లేకపోతే ఎక్కడికి పోయేదో ఊహించుకోగలను ఇప్పుడు.

రెండో రాత్రి మాత్రం అతి తెలివికి పోయి ఒకేసారి ఐదు సీసాలు వేశాను. పొద్దున్నకి 58, బుడగలు ఆగిపోయాయి, పైగా ఎయిర్‌లాక్‌లోది మొత్తం బకెట్‌లోకి లాగేసింది. చల్లబడితే లోపల గాలి కుంచించుకుని పీల్చేస్తుందని ఎవరూ చెప్పలేదేంటండీ! అదృష్టంకొద్దీ దాంట్లో పోసింది స్టార్‌శాన్, అదీ రెండు చెంచాలు. సీసాలన్నీ తీసేసి, బకెట్‌ని మెల్లగా అటూఇటూ కదిపాను, మధ్యాహ్నానికి 64కి వచ్చి మళ్లీ మొదలైంది.

నాలుగో రోజు నుంచి సీసాలు ఆపేసి దానంతట అదే 71కి ఎక్కనిచ్చాను. 1.050తో మొదలై పదో రోజు 1.011, పదమూడో రోజూ 1.011. అప్పుడు సీసాల్లో పోశాను. మొన్న శనివారం మొదటిది తెరిచాం. వాసన చూడమని ముందు మా ఆవిడకే ఇచ్చాను. రెండుసార్లు చూసి "ఏమీ రావట్లేదే" అంది, నాకు పద్మశ్రీ ఇచ్చినంత పనైంది. ఫిబ్రవరిది ఇంకాస్త శుభ్రంగా ఉండేది, దీంట్లో చివర్లో సన్నగా ఏదో పండు వాసన ఉంది, ఆ 58 నుంచి 71 దాకా ఊగిసలాటవల్లేమో. తాగొచ్చు, అతిథులకి పెట్టొచ్చు.

ఫ్రిజ్‌కి పర్మిషన్ వచ్చింది. షరతులు రెండు: గెస్ట్ బాత్రూమ్ ఖాళీ చేయాలి, ఫ్రిజ్ పై అర ఆవిడ ఊరగాయలకి. ఒక సందేహం, ఫ్రిజ్ వచ్చాక లాగర్ (ఏల్‌కన్నా చల్లగా పులియబెట్టే బీర్) వేయొచ్చా, లేక ఇంకా నాలుగు ఏల్స్ చేశాకనా?


పులిసిన_పిండి | మినియాపొలిస్

వేసేయండి. 34/70 రకం పొడి లాగర్ ఈస్ట్ తీసుకోండి, మొండిది, తప్పులు క్షమిస్తుంది. రెండు ప్యాకెట్లు వేయాలి, చల్లటి చోట ఒకటి చాలదు. 54లో మొదలుపెట్టి, గ్రావిటీ దిగాల్సిన దాంట్లో మూడొంతులు దిగాక 64కి పెంచి మూడు రోజులు ఉంచండి, వెన్న వాసన ఏమైనా ఉంటే ఈస్ట్ తినేస్తుంది. తర్వాత రోజుకి కొంచెం కొంచెం దించుతూ 35 దగ్గర నెల రోజులు. ఈసారి ఎయిర్‌లాక్ తీసి, దించేటప్పుడు స్టార్‌శాన్‌లో ముంచిన ఫాయిల్ కప్పండి, పీల్చడానికి ఏమీ ఉండదు.

ఊరగాయల సంగతేంటంటే, 35లో ఉన్నప్పుడు ఫర్వాలేదు, 64కి ఎక్కించే ఆ మూడు రోజులూ ఆవిడకి ముందే చెప్పండి.


తాటిముంజ | ఆస్టిన్, టెక్సస్

ఆవకాయకి 64 ఏమీ కాదు లెండి, మన ఊళ్లో అది ఏడాదంతా అటక మీదే ఉంటుంది. గోంగూర పచ్చడి తాజాగా చేసిందైతే మాత్రం ఇంట్లో ఫ్రిజ్‌లోనే పెట్టమనండి. జాడీ మూతలు బిగుతుగా ఉన్నాయో లేదో చూసుకోండి, ఇంగువ వాసన బకెట్ ప్లాస్టిక్‌కి పట్టిందంటే ఆ బకెట్ ఇక సాంబార్ పొడికే.